మూడాకుల బంతి

అంజనమ్మ అబద్ధాలాడే మనిషి కాదు. అయితే నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. ఆమె రెండే ఆడింది. మిగిలిన తొంభై ఎనిమిది అవసరం పడలేదంటే అది ఆమె తెలివి.

మొదటిది మొగుడు జయరామప్పతో ఆడింది. గురుబరపల్లిలో తమ కొట్టం దగ్గర ఆయన ఆవుకు తవుడు కలుపుతుంటే, "మా అన్న నిన్నొక తూరి చూడల్లంటా ఉండాడంట. సోమారం హోసూరుకు వస్తాడంట" అంది. రెండోది జవళగిరిలో ఉన్న అన్న అశ్వత్థప్పతో. బంధువు ఆంజప్ప అటువైపు పోతుంటే, "మీ బావ రమ్మంటా ఉండాడు. హోసూరులో కొత్తగా పెట్టినారే, వసంత మందిరమని పెద్ద హోటలు, ఆడ భోజనం అని చెప్పు" అని కబురంపింది. ఇద్దరిలో ఎవరూ సరేననలేదు. ఎవరూ రాననీ అనలేదు. పదేళ్లుగా ఒకరి మొహం ఒకరు చూసుకోని బావలు రాననలేదంటే వచ్చినట్టేనని ఆమె ధైర్యం.

ఆ పదేళ్ల తగాదాకు కారణం ఒక నల్లెద్దు. నవ్వకండి, ఇంతకన్నా చిన్నవాటికి విడిపోయిన ఇళ్లు ఆ చుట్టుపక్కల నాలుగైదున్నాయి.

అంజనమ్మ కూతురు మంజులకు చెవులు కుట్టించిన రోజు అది. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కుట్టించారు. పిల్ల కూడా పెద్దగా ఏడవలేదు. భోజనాల వేళ అశ్వత్థప్ప బావ చెయ్యి పట్టి లాగి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. వాళ్ల వైపు బంతి మర్యాద ఒకటుంది. ఒక బంతిలో కూర్చున్నాక, పక్కవాడి చెయ్యి ఆకులో ఆడుతుండగా లేవకూడదు. మనది ముందే అయిపోయినా, వేళ్లకంటిన మెతుకులు ఎండిపోయినా సరే, అందరితో పాటే లేవాలి. మధ్యలో లేచామంటే పక్కవాణ్ణి 'నువ్వు తిన్నది చాల్లే' అన్నట్టే. ఆ రోజు అశ్వత్థప్ప పాయసంలో అప్పళం నలుపుకుంటున్నాడు. అంతలో నల్లెద్దు పలుపు తెంచుకొని చెనక్కాయ చేలో పడిందని ఎవరో కేకేశారు. జయరామప్ప ఎంగిలి చేత్తోనే లేచి పరుగెత్తాడు.

ఎద్దును తోలుకొని వచ్చేసరికి అశ్వత్థప్ప వాకిట్లో నిలబడి ఉన్నాడు, ఆకులో పాయసం అలాగే ఉంది. "ఎద్దుకుండే మర్యాద నాకు లేకపాయ. ఇంక ఈ ఇంట్లో తిని చెయ్యి కడిగేది లేదు" అన్నాడు. జయరామప్ప మాత్రం తక్కువ తిన్నాడా? "అయితే నీ ఇంటి గడప నేనూ తొక్కేది లేదు" అన్నాడు. ఆ ఎద్దు ముసలిదై చచ్చిపోయి ఆరేళ్లు దాటింది. మాటలు మాత్రం కొమ్ములతో సహా బతికే ఉన్నాయి.

మధ్యలో నలిగింది అంజనమ్మ. పండక్కి పుట్టింటికి ఒక్కతే పోయేది, ఒక్కతే వచ్చేది. అక్కడ 'మీ ఆయన బాగుండాడా' అని అన్న అడిగేవాడు కాదు, ఇక్కడ 'మీ అన్న ఏమన్నాడు' అని మొగుడు అడిగేవాడు కాదు. ఇద్దరికీ తెలుసుకోవాలనే ఉండేది. అది ఆమెకు తెలుసు. అందుకే ఇద్దరి మీదా ఒళ్లు మండేది.

ఇప్పుడు మంజుల పెళ్లికి పదహారు రోజులుంది. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి ఎత్తుకొచ్చి పీటల దగ్గర దించాల్సింది మేనమామ. పెళ్లింట్లో చెయ్యి కడగనివాడు బుట్ట ఎట్లా పడతాడు? వరసకు మామ అయ్యేవాళ్లు ఊళ్లో ఉన్నారు కదా, ఎవరో ఒకరు పట్టుకుంటే సరిపోతుందని చుట్టాలు సలహా చెప్పారు. "మా మామ ఎత్తకపోతే నేను నడిచే వస్తాను" అని మంజుల చెప్పి, తలుపు చాటుకు పోయింది. ఆ చాటున పిల్ల ఏడవడం అంజనమ్మ విన్నది. ఆ పూట నుంచి ఆమెకు అన్నం సహించలేదు.

పొరుగింటి పచ్చయమ్మ హోసూరు పోయివచ్చి ఆ హోటలు గొప్పలు చెబుతుంటే అంజనమ్మకు తట్టింది. అన్న కడగనన్నది ఈ ఇంట్లో. మొగుడు తొక్కనన్నది ఆ ఇంటి గడప. హోటలు ఎవరిల్లు? పొయ్యి ఎవరిది? దుడ్డు కూడా ఆమె వెన్న అమ్మి దాచుకున్నది. ఆ అన్నానికి వీళ్లిద్దరిలో ఎవరూ యజమాని కారు. ఇంత సులువైన సంగతి తట్టడానికి పదేళ్లు పట్టిందే అని నెత్తి కొట్టుకుంది. అయితే పదేళ్ల కిందట హోసూరులో అట్లాంటి హోటలూ లేదు.

సోమవారం పొద్దున బస్సెక్కేముందే జయరామప్ప షరతు పెట్టాడు. "రెండున్నర బస్సుకు తిరుక్కోవల్ల. అది తప్పితే మళ్లీ ఆరుకే. పొద్దుగూకే లోపల పాలు పితకల్ల, ఆవు సంగతి తెలుసు కదా."

తెలియకేం. కృష్ణగిరి డ్యాం కట్టిన ఏడాది పుట్టిన ఆవు అది. జయరామప్ప చెయ్యి తప్ప ఇంకో చెయ్యి తగిలితే చెంబు ఒకవైపు, మనిషి ఒకవైపు పడేట్టు తన్నేది. ఆయన దాన్ని చూసుకునేంత భద్రంగా పొలం కాగితాలను కూడా చూసుకునేవాడు కాదు. అంజనమ్మ సరేనంది. ఆమె గొంతులో పొద్దున్నుంచి నీళ్లు కూడా దిగలేదు.

హోసూరులో దిగి హోటలు దగ్గరికి వచ్చేసరికి అశ్వత్థప్ప అప్పటికే ఎదురుగా ఉన్న చెట్టు కింద గొడుగు పట్టుకొని నిలబడి ఉన్నాడు. జరీ అంచు కండువా, కొత్త పంచె. జయరామప్పా అంతే, పెట్టెలోంచి తీసిన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. ఎవరి కోసం ఈ సింగారమని అడిగితే ఇద్దరూ ఏం చెప్పేవాళ్లో. ఒకాయన హోటలు బోర్డు చదువుతూ, ఒకాయన దారిన పోయే బండిని చూస్తూ మెట్లెక్కారు.

మెట్ల మీద ఇద్దరూ చెప్పులు విప్పారు. లోపల నున్నటి నేల, పాలరాయి బల్లలు, తిరిగే ఫ్యాన్లు, గోడలకు అద్దాలు చూస్తే గుడికన్నా శుభ్రంగా ఉంది మరి. తెల్లబట్టల్లో ఉన్న సర్వరు, నలభై దాటిన మనిషి, ఎదురొచ్చి, "చెప్పులు వేసుకొనే రావచ్చునప్పా" అన్నాడు. ఇద్దరూ వినిపించుకోలేదు. పదేళ్ల తర్వాత ఆ రెండు జతల చెప్పులు పక్కపక్కన ఉండడం చూసి అంజనమ్మకు కాస్త ఊపిరాడింది.

సర్వరు పేరు నాగేశప్ప. వేరువేరు బల్లల దగ్గర కూర్చోవాలని మగవాళ్లిద్దరూ మనసులో అనుకునే వచ్చారు. కానీ వెంట ఆడమనిషి ఉండడం చూసి నాగేశప్ప ముగ్గురినీ పచ్చ తెర వేసిన ఫ్యామిలీ రూములోకి తీసుకుపోయాడు. అక్కడ ఉన్నది ఒకటే బల్ల, గోడకానించి. దాని ముందు వరసగా మూడు కుర్చీలు. గోడకు ఈ కొస నుంచి ఆ కొసకు అద్దం. అంజనమ్మ గబుక్కున చివరి కుర్చీలో కూర్చుంది. మిగిలినవి పక్కపక్క కుర్చీలే. మొహం తిప్పుకుందామంటే ఎదురుగా అద్దంలో మళ్లీ అదే మొహం.

"మూడు ఊటనా?" అని భోజనాల లెక్క అడిగాడు నాగేశప్ప.

"రెండప్పా. నేను వీళ్లదైనాక తింటాను" అంది అంజనమ్మ.

"అట్ల ఈడ లేదమ్మా. కుర్చీలో కూచున్నోళ్లకంతా ఆకు" అని అతను మూడో ఆకూ పరిచేశాడు.

పెళ్లినాటి బువ్వం తర్వాత మొగుడితో ఒక బంతిలో ఆకేసుకొని కూర్చోవడం ఆమెకు ఇదే. ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియలేదు. ఆకు మీద నీళ్లు చల్లి మూడుసార్లు తుడిచింది.

అశ్వత్థప్ప అద్దంతో చెప్పినట్టు చెప్పాడు. "అంజనా, మీ ఆయన రమ్మన్నాడంట. వచ్చినాను. సంగతేమో చెప్పమను."

"నేనా?" అన్నాడు జయరామప్ప, ఆయనా అద్దంతోనే. "చూడల్లన్నది మీ అన్న కదా?"

"ముందు పూరీలు తినండి, చల్లారిపోతాయి" అంది అంజనమ్మ.

పూరీలు ఇంకా రాలేదు. అదృష్టం బాగుండి అప్పుడే తెర తొలగించుకొని వచ్చాయి. తర్వాత పల్యం, కూటు, అప్పళం, నెయ్యి తళతళలాడే తియ్యటి ఒబ్బట్టు, పొగలు కక్కే అన్నం. ఏ పండగకో తప్ప వరన్నం ఎరగని ఇళ్ల వాళ్లు. "రాగిముద్ద లేదా?" అని జయరామప్ప గొణిగాడు. లేదని తెలిసి అన్నం మీదికే దండయాత్ర సాగించాడు. అంజనమ్మ చెయ్యి ఊరుకోలేదు. అన్న ఆకులో సాంబారు తక్కువైందని లేచి, నాగేశప్ప చేతిలోని బకెట్టే అందుకోబోయింది. "కూచోమ్మా, నువ్వు పోస్తే నన్ను ఇంటికి పంపిస్తారు" అన్నాడతను. ఆమె కూర్చుంది, కానీ కళ్లు రెండూ పక్క ఆకుల మీదే. తన ఆకులో ఒక పూరీ తుంచి వదిలేసింది.

ఇక అసలు తమాషా మొదలైంది. జయరామప్పకు చేతివేగం ఎక్కువ, ఆయనది ముందుగా అయిపోయింది. లేవబోయి, పక్కన అశ్వత్థప్ప చెయ్యి ఆకులో ఆడుతుండడం చూసి ఆగాడు. ఒకసారి లేచి పదేళ్లు అనుభవించినవాడు. ఆకు ఖాళీగా పెట్టుకొని కూర్చున్నాడు. హోటలు మర్యాద వేరు. ఆకు ఖాళీగా కనబడితే వడ్డించడం నాగేశప్ప పని. గరిటె నిండా అన్నం పెట్టి రసం పోసి పోయాడు. అన్నం వదిలిపెడితే పాపం కదా, జయరామప్ప మళ్లీ కలుపుకున్నాడు.

అంతలో అశ్వత్థప్పది అయిపోయింది. బావ తింటున్నాడు. బంతి మర్యాద కోసం పదేళ్లు ఇల్లు వదులుకున్నవాడు తనే దాన్ని తప్పుతాడా? ఖాళీ ఆకు ముందు బిగుసుకొని కూర్చున్నాడు. నాగేశప్ప వచ్చాడు, రెండు గరిటెలు పెట్టి పోయాడు. అశ్వత్థప్ప నిట్టూర్చి చెయ్యి పెట్టాడు. అది సగం అయ్యేసరికి జయరామప్ప ఆకు మళ్లీ ఖాళీ. నాగేశప్ప మళ్లీ సిద్ధం.

మూడో విడతకు అంజనమ్మకు సంగతి అర్థమైంది. అన్న మొహం మీద చెమట. మొగుడు పంచెముడి వదులు చేసుకున్నాడు. వంటింటి వాళ్లిద్దరు తెర సందులోంచి తొంగి చూసి పోయారు. "వీళ్లది ఏ ఊరు?" అని ఒకడు నాగేశప్పను అడగడం కూడా వినిపించింది. పెట్టొద్దని ఒక్కమాట చెబితే అయిపోయేది. ఆ మాట ఆమె నోటి దాకా వచ్చింది. అయితే మొగుడు అన్న ఆకును చూసి చూసి ఆగడం ఆమె కనిపెట్టింది. క్షమించమని నోరు తెరిచి అడగడం ఆయన జన్మలో లేదు. ఇప్పుడు చేస్తున్నది అదే పనేమోనని ఆమెకు అనిపించింది. మాట మింగేసి కూర్చుంది.

సరిగ్గా అప్పుడే బయట రెండున్నర బస్సు హారను మోగింది. "కిష్ణగిరీ, కిష్ణగిరీ" అని కండక్టరు అరుస్తున్నాడు.

జయరామప్ప భుజాలు కదిలాయి. ఆయన ఆకు శుభ్రంగా ఉంది. అశ్వత్థప్ప ఆకులో అప్పుడే పోయించుకున్న పెరుగన్నం. అశ్వత్థప్ప చెయ్యి ఆగింది. అద్దంలో బావనే చూశాడు. తర్వాత తల వంచి మెతుకు మెతుకూ ఏరుకుంటూ తినడం మొదలుపెట్టాడు, ఉపవాసం విడిచే ముసలమ్మలా. కావాలనే చేస్తున్నాడని పసిపిల్లలకైనా తెలుస్తుంది. ఆవా, అన్నా? ఇప్పుడు లేచాడంటే ఇక మంజులను ఎత్తే మామ ఉండడు.

రెండో హారను మోగింది.

"నాగేశప్పా" అని పిలిచాడు జయరామప్ప. "నాకు రవంత మజ్జిగ పొయ్యి."

బస్సు కదిలిన చప్పుడు వినిపించింది. దూరమైపోయింది. అశ్వత్థప్ప అద్దాన్ని వదిలి, మొదటిసారి పక్కకు తిరిగాడు.

"బస్సు పోయె కదా బావా."

"పోనీ."

"నీకు ఆవుంది, నువ్వే పితకల్లంట. అంజన చెప్పింది."

"నిలబడుకోనీ. ఆ పొద్దు ఎద్దును గూడా నిలబడుకోనిచ్చి ఉండల్ల నేను."

అశ్వత్థప్ప వేళ్లకంటిన మెతుకులు ఆకు అంచుకు తుడిచాడు. "ఎంత మేసింది ఆ పొద్దు?"

"రెండు సాళ్లు."

"రెండు సాళ్లేనా?"

"రెండే."

అశ్వత్థప్పకు నవ్వొచ్చింది. మొదట ముక్కులో, తర్వాత పొట్టలో. నిండిన పొట్టతో నవ్వితే ఊరుకుంటుందా, పొరబోయి దగ్గు పట్టుకుంది. జయరామప్ప ఎడంచేత్తో ఆయన వీపు తట్టాడు. "రెండు సాళ్ల చెనక్కాయకు పదేండ్లు గడిపేసినాము, చూడు" అని అశ్వత్థప్ప కళ్లు తుడుచుకున్నాడు. ఆ నీళ్లు దగ్గువల్ల వచ్చినవో కాదో అంజనమ్మ అడగలేదు. ఆమె కళ్లకు దగ్గు లేకుండానే వచ్చాయి.

"పిల్ల ఇప్పుడు బరువెంత ఉంటుంది?" అని అడిగాడు అశ్వత్థప్ప చెల్లెల్ని. "నాకా, నడుము పట్టుకుంటుంది. బుట్ట ఎత్తినాక మధ్యలో దించితే బాగుండదు."

"అది సన్నంగానే ఉండాది అన్నా" అంది అంజనమ్మ.

"సరే, ముందు మీ ఆయన్ని ఎత్తి చూస్తా. ఈయన్ని ఎత్తితే ఏ బుట్టైనా ఎత్తినట్టే" అని లేచి బావకు చెయ్యి అందించాడు. నిజానికి జయరామప్ప అది లేకుండా లేవలేని స్థితిలోనే ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని, "లేద్దామా బావా", "లేద్దాము బావా" అనుకుంటూ, పెళ్లి పందిరి ఎక్కడ వెయ్యాలో మాట్లాడుకుంటూ, చేతులు కడిగే చోటికి బయలుదేరారు.

అంజనమ్మ తన ఆకు వైపు చూసుకుంది. ఒక్క తుంచిన పూరీ. వేసింది వేసినట్టు ఒబ్బట్టు, గడ్డకట్టిన నెయ్యి. ఒక్కసారిగా ఆకలి తెలిసింది. ఆ పొద్దుటి ఆకలి ఒక్కటే కాదు. ఎన్నో ఏళ్లుగా అందరూ లేచిపోయాక, చల్లారిపోయిన కుండ ముందు ఒక్కతే కూర్చొని తిన్న ఆకలి. బంతి మర్యాద కోసం పదేళ్లు కొట్లాడుకున్న ఈ ఇద్దరూ ఇప్పుడు పక్కన మూడో ఆకు ఉందని కూడా చూడకుండా లేచారు. ఆమెకు కోపం రాలేదు. నవ్వొచ్చింది. కానీ ఊరుకోవాలని మాత్రం అనిపించలేదు.

"యాడికి పోతారు?" అంది.

ఇద్దరూ తెర దగ్గర ఆగి తిరిగి చూశారు.

"బంతిలో నేనూ ఉండాను. ఇంకా తినలేదు."

మగవాళ్లిద్దరూ ఆమె ఆకును చూశారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నల్లెద్దు పేరెత్తడానికి ఎవరికీ నోరు రాలేదు. ముందు అశ్వత్థప్పే తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు, ఎంగిలి చెయ్యి ఆకు మీద పెట్టుకొని. వెనకే జయరామప్ప వచ్చి కూర్చున్నాడు. "తిను" అన్నాడు, గొంతు తగ్గించి. "మెల్లిగా తిను. ఆరుకు గదా బస్సు."

ఖాళీ ఆకుల ముందు మనుషులు మళ్లీ కూర్చోవడం చూసి నాగేశప్ప అన్నం బేసిను పట్టుకొని పరుగున వచ్చాడు. ఇద్దరూ రెండు చేతులూ ఆకుల మీద బోర్లా పెట్టి కాపాడుకున్నారు.

అంజనమ్మ ఒబ్బట్టు తుంచి నోట్లో పెట్టుకుంది. చల్లారినా బాగానే ఉంది. ఎదురుగా అద్దంలో ఇద్దరు పెద్దమనుషులు చేతులు ఎండిపోతూ ఆమె కోసం కూర్చొని ఉన్నారు. ఆమె తొందరపడలేదు. అది అయిపోయాక నాగేశప్పను పిలిచి, వేడిగా ఇంకొకటి వెయ్యమంది.